పాత పిస్తోలుకు పిడి దొరికిన వైనం

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత వెనుకాడాను. రాజుల గురించీ, కోటల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. పోలీసు ఆయుధాగారంలో నూనెగుడ్డ చేతబట్టుకుని సర్వీసంతా గడిపినవాడిని, నాకు ఏ చరిత్ర తెలుసు? ఇలా అనుకుంటూ ఉండగానే, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మిత్రులొకరు తమ ఇంటికి ఒకసారి రమ్మని కబురు పెట్టారు. ఆయన సమస్యకు జవాబు వెతకబోతే నూరేళ్ళకు పైబడిన చరిత్ర బయటపడింది. అదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఆయన దగ్గర ఒక పిస్తోలు ఉంది. .32 బోరు వెబ్లీ అండ్ స్కాట్. స్వాతంత్ర్యానికి ముందు వారి తండ్రిగారు లైసెన్సు మీద కొన్నది. తండ్రిగారి తరువాత అదే పద్ధతిలో ఈయన పేరు మీదికి వచ్చింది. ఈయనకు ఇప్పుడు డెబ్బై నిండాయి. తమ కుమార్తె పేరుకు మార్పించాలని కాగితాలు సిద్ధం చేసుకుంటూ, తుడిచి పెడదామని బయటికి తీశారు. చేయి జారింది. గచ్చునేల మీద పడి, పిడికి కుడివైపున ఉండే నల్లని పలక మూడు ముక్కలైంది. ఇనుముకు గీత కూడా పడలేదు.

"డెబ్బై ఎనభై ఏళ్ళు ఏమీ కాకుండా ఉన్నదండీ, నా చేతిలో విరిగింది. అమ్మాయికి దీన్ని ఇలా ఎట్లా ఇవ్వను?" అన్నారు. అడిగినవాళ్ళంతా ఆయనతో ఒకటే మాట చెప్పారట: "దీనికి సామాను రాదండీ. ఆ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఏదో కర్రముక్క బిగించుకోండి, లేదా సరెండర్ చేసేయండి."

ఆ మాటలో సగం నిజం ఉంది. తయారీ ఆగిపోయిన మాట నిజమే. సామాను రాదన్నది మాత్రం వెతకనివారు చెప్పే మాట.

ఈ పిస్తోలు పుట్టుక

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరం తుపాకుల పనికి పేరుపొందింది. అక్కడ రివాల్వర్లు చేసే వెబ్లీ కంపెనీ, వేటతుపాకులు చేసే స్కాట్ కంపెనీతో 1897లో కలిసింది. ఆ విధంగా వెబ్లీ అండ్ స్కాట్ అన్న పేరు ఏర్పడింది. బ్రిటిష్ సైన్యానికి 1887 నుంచి వెబ్లీ రివాల్వరే. మన దేశంలో పాత పోలీసు అధికారుల నడుముకు వేలాడిన బరువైన రివాల్వర్లలో చాలా భాగం ఆ కుటుంబానివే.

అయితే మా మిత్రునిది రివాల్వరు కాదు, మేగజైన్ పెట్టే ఆటోమేటిక్ పిస్తోలు. ఆ కంపెనీలో విలియం వైటింగ్ అనే ఇంజనీరు ఈ రకానికి రూపకల్పన చేశారు. 1900 తరువాత కొద్ది సంవత్సరాలకే ఇది బజారులోకి వచ్చింది. మేగజైన్‌లో 8 తూటాలు పడతాయి. చూడటానికి పెద్ద అందగత్తె కాదు. పిడి దాదాపు నిటారుగా, లంబకోణంలో నిలబడి ఉంటుంది. అయినా గట్టి పనిమంతురాలు.

దీని పేరు మోగడానికి ఒక విషాదం కారణమైంది. 1910 డిసెంబరు 16వ తేదీ రాత్రి లండన్‌లోని హౌండ్స్‌డిచ్ అనే చోట నగల దుకాణానికి కన్నం వేస్తున్న దొంగలను పట్టుకోబోయిన పోలీసులపై కాల్పులు జరిగాయి. ముగ్గురు పోలీసులు చనిపోయారు. 1911 జనవరి 3న ఆ ముఠాకు చెందిన ఇద్దరు సిడ్నీ వీధిలోని ఒక ఇంట్లో చిక్కగా, వారిని ఎదుర్కోవడానికి సైనికులను సైతం పిలిపించవలసి వచ్చింది. నాటి హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్ స్వయంగా వచ్చి చూశారు. పోలీసుల చేతిలోని ఆయుధాలు కాలం చెల్లినవని ఆనాడు అందరికీ తెలిసింది. 1911లోనే లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ఈ .32 వెబ్లీ పిస్తోలును తీసుకున్నారు. ఆ పేరుతోనే అది సామ్రాజ్యమంతటా వ్యాపించింది. మన దేశంలో జమీందార్లు, ప్లాంటర్లు, ఉద్యోగులు లైసెన్సు మీద కొనుక్కున్నారు.

ఈ పిస్తోలు తయారీ 1940తో ముగిసింది. అంటే మనలో చాలామంది పుట్టకముందే అది రిటైరైందన్నమాట. దానికి పెన్షనూ లేదు, డీఏ వాయిదాలూ లేవు! యుద్ధం తరువాత కూడా రివాల్వర్లు చేసిన ఆ కంపెనీ, 1979లో తుపాకుల తయారీని పూర్తిగా నిలిపివేసింది.

పిడీ, పెన్నూ ఒకటే

ఇక విరిగిన పలక సంగతి. దానిని చేతిలోకి తీసుకుని చూడగానే మా మిత్రులు, "ఇది ప్లాస్టిక్ కదండీ?" అన్నారు. కాదు. "మీరు ఆఫీసులో ఫైళ్ళ మీద నోట్లు రాసిన పెన్ను ఏది?" అని అడిగాను. "రాజమండ్రి రత్నం పెన్ను" అన్నారు గర్వంగా. "అయితే ఇది అదే" అన్నాను. ఆయన నమ్మలేదు.

రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది గట్టిపడి నిలకడగా ఉంటుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నారు. మామూలు రబ్బరుకు గంధకం నూటికి రెండు మూడు పాళ్ళు చాలు. అదే 30 పాళ్ళ దాకా కలిపి గంటల తరబడి ఉడికిస్తే, రాయిలాంటి నల్లని పదార్థం వస్తుంది. గుడ్‌ఇయర్ సోదరుడు నెల్సన్ 1851లో దానికి పేటెంటు పొందారు. ఎబొనీ అనే నల్లచేవ మానును పోలి ఉన్నందున దానికి ఎబొనైట్ అనే పేరు వచ్చింది. వల్కనైట్ అని కూడా అంటారు. ఆ ఎబొనీ జాతి చెట్టు మన అడవుల్లోనూ ఉంది. బీడీ ఆకు కోసే తునికి చెట్టే అది. దాని నడిమి చేవ నల్లగా ఉంటుంది.

ప్లాస్టిక్కు రాకముందు లోకమంతా ఎబొనైటే. దువ్వెనలు, బ్యాటరీ పెట్టెలు, విద్యుత్ సామాను, పొగాకు గొట్టాల మూతులు, కలాలు అన్నీ దానితోనే చేసేవారు. 1930లలో రాజమండ్రిలో కె.వి. రత్నంగారు స్వదేశీ కలం తయారుచేసి గాంధీజీకి పంపడం, 1935లో గాంధీజీ దానిని మెచ్చుకుంటూ ఉత్తరం రాయడం మనకు తెలిసిన చరిత్రే. ఆ కలాల ఒళ్ళు ఎబొనైటు కడ్డీని లేతు మీద తరిమి చేసిందే. బర్మింగ్‌హామ్‌లో పిస్తోలు పిడికీ, గోదావరి ఒడ్డున స్వదేశీ కలానికీ పదార్థం ఒక్కటే కావడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ఈ పదార్థానికి రెండు బలహీనతలు ఉన్నాయి. పాత పెన్ను వాడినవారు మొదటిదానిని గమనించే ఉంటారు. ఎండా తేమా తగిలితే నలుపు పోయి గోధుమరంగుకో, ఆకుపచ్చ కలిసిన ముదురు రంగుకో తిరుగుతుంది. గంధకం పైకి తేలడమే దీనికి కారణం. రెండవది, ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, పెళుసెక్కుతుంది. కనుకనే ఉక్కు నూరేళ్ళు నిలిచినా పిడి పలక ముందుగా పోతుంది. పాత పిస్తోళ్ళలో చాలావాటికి మొదట వచ్చే రోగం ఇదే.

ఒకే పేరు, ఎన్నో కొలతలు

"వెబ్లీ పిస్తోలుకు పిడి పలక కావాలి" అని అడిగితే సరిపోదు. ఆ పేరుతో .25 బోరు చిన్న పిస్తోలు ఉంది, .32 ఉంది, 1920లో దక్షిణాఫ్రికా పోలీసులు తీసుకున్న 9 మిల్లీమీటర్లది ఉంది, 1912లో బ్రిటిష్ నౌకాదళం తీసుకున్న .455 బోరు పెద్దది ఉంది. వీటి పిడి పలకలు ఒకదానివి ఒకదానికి పట్టవు. .32లోనే తొలి రకాలకు సేఫ్టీ మీట సుత్తి మీద ఉండేది, తరువాతి రకాలకు ఫ్రేము మీదికి వచ్చింది. ఇలాంటి మార్పు జరిగినప్పుడల్లా పలక అంచు కూడా మారిందా అని చూసుకోవాలి.

ఇంకొక ముఖ్య విషయం. ఇతర పిస్తోళ్ళలో స్లైడును వెనక్కి తెచ్చే స్ప్రింగు గొట్టంలాగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. వైటింగుగారు అలా చేయలేదు. వి ఆకారంలో మడిచిన పట్టీ స్ప్రింగును పిడిలో కుడి పలక కింద అమర్చారు. కాబట్టి కుడి పలక కేవలం పట్టుకోవడానికి పెట్టిన అలంకారం కాదు. అది లోపలి యంత్రానికి మూత. దాని లోపలి ముఖం స్ప్రింగుకు తగిలినా, ఒత్తినా పిస్తోలు సరిగా ఆడదు. మా మిత్రునికి ఎడమ పలక చెక్కుచెదరకుండా ఉంది. "దాన్ని చూసి కుడిది చేయిస్తే పోలేదా?" అని అడిగారు. పైరూపం వరకు పోతుంది. లోపలి రూపం ఎడమదానిలో లేదు. అది విరిగిన కుడి పలకలోనే ఉంది.

పేరు తిరిగి వచ్చినంత మాత్రాన కొలత తిరిగి రాదని కూడా గుర్తుంచుకోవాలి. బెల్జియం కంపెనీ 1935 నుంచి చేసిన బ్రౌనింగ్ హైపవర్ పిస్తోలు తయారీని 2018లో ఆపింది. 2022లో దాదాపు అదే పేరుతో కొత్తదానిని తెచ్చింది. పాతదాని భాగాలు కొత్తదానికి సరిపోవు. పేరు చూసి పిడి కొన్నవాడికి డబ్బు దండగ.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సర్వీసులో ఉన్నప్పుడు మా ఆయుధాగారంలో పాత రివాల్వర్ల పిడి పలకలు విరుగుతూ ఉండేవి. ఇండెంటు పెడితే, నెలల తరువాత "జాబితాలో లేని సామాను" అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపేవారు. నాకు పని నేర్పిన పెద్దాయన అందుకని ఒక డబ్బా పెట్టుకున్నారు. రద్దయిన ఆయుధాలను నాశనం చేయడానికి పంపే ముందు, లెక్క రాసి, పనికివచ్చే పలకలనూ స్క్రూలనూ తీసి అందులో వేసేవారు. విరిగిన ముక్కలను కూడా పారేసేవారు కాదు. "ముక్కే కదా అనుకోకురా అబ్బాయీ, కొలత దాన్లోనే ఉంటుంది" అనేవారు.

ఆయన రిటైరైన మరుసటి సంవత్సరం పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. అల్మరాలు శుభ్రంగా కనబడాలని ఆ డబ్బాను నేనే చెత్తలో గుమ్మరించాను. తనిఖీ బాగా జరిగింది, మెప్పు కూడా వచ్చింది. ఆరు నెలలు తిరగకుండా ఒక రివాల్వరు పలక పగిలింది. వడ్రంగి చేత కర్రతో అంచనా మీద చేయించాము. వేసవిలో చక్కగా కూర్చుంది, వానాకాలంలో ఉబ్బి స్క్రూను పట్టేసింది. నేను పారేసిన డబ్బాలో ఆ పలక ముక్క ఉందని నాకు తెలుసు. ఆ పెద్దాయన కనబడినప్పుడు ఆ సంగతి చెప్పలేకపోయాను. తరువాత ఆయన కాలం చేశారు.

అందుకే మా మిత్రుని ఇంట్లో నేను అడిగిన మొదటి ప్రశ్న, "ముక్కలేవండీ?" ఆయన తెల్లముఖం వేశారు. లోపలినుంచి వారి శ్రీమతిగారు, "ఊడ్చిన రోజే ఏరి పొడుం డబ్బాలో వేశానండీ, అడుగుతారేమోనని" అంటూ తెచ్చి ఇచ్చారు. బియ్యపుగింజంత పెచ్చు ఒక్కటి తప్ప మూడు ముక్కలూ ఉన్నాయి. సగం పని అప్పుడే అయిపోయిందని చెప్పాను.

వెతకవలసిన దారులు

ఇటువంటి పలక కావలసివస్తే నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది, అదే రకం పాడైపోయిన పిస్తోలు నుంచి తీసిన అసలు పలక. మర్యాదలో దీనిదే పెద్దపీట. కాని అదీ నూరేళ్ళదే. కుంచించుకుని ఉంటే అంచున సందు కనబడుతుంది, పెళుసెక్కి ఉంటే స్క్రూ బిగించగానే పగులుతుంది.

రెండవది, అచ్చుపోసిన నకలు. అసలు పలక నుంచి అచ్చు తీసి, రెసిన్ పోసి చేస్తారు. గళ్ళ గరుకుతో సహా అచ్చంగా దిగుతుంది. అయితే పోసినది ఆరేటప్పుడు రవ్వంత తగ్గుతుంది. అప్పటికే కుంచించుకున్న పలక నుంచి అచ్చు తీస్తే తగ్గుదల రెండింతలు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇలా చేసే చిన్న పనివారున్నారు. ఈ రోజుల్లో కంప్యూటరుతో కొలిచి పొరపొరగా పోసే త్రీడీ ప్రింటింగు కూడా వచ్చింది. కాని కంప్యూటరుకైనా మొదటి కొలత ఎక్కడినుంచో రావాలి.

మూడవది, కర్రతో చేయించడం. పాశ్చాత్యులు వాల్‌నట్ వాడతారు. మనకు ఇరుగుడు చేవ ఉంది, అది దానికి తీసిపోదు. బొమ్మలు చెక్కే పొనికి కర్ర మెత్తన, దీనికి పనికిరాదు. కర్ర బాగా ఆరినదై ఉండాలి. లేకపోతే నా రివాల్వరు గతే.

నాల్గవది, విరిగినదానినే అతికించడం. శుభ్రం చేసి, రెండు రకాల గొట్టాలు కలిపే గట్టి జిగురుతో అతికితే రూపం వస్తుంది. పెళుసుదనం మాత్రం పోదు. చూడటానికి బాగుంటుంది, పట్టుకోవడానికి నమ్మకం లేదు.

ఏ దారి పట్టినా ఒక్క జాగ్రత్త. పలక పట్టకపోతే పలకనే ఆకురాయితో అరగదీయాలి. పిస్తోలు ఇనుమును ముట్టుకోకూడదు. పలక మళ్ళీ చేయించుకోవచ్చు, ఇనుము పోతే రాదు. విప్పేముందు మేగజైన్ తీసి, గొట్టంలో తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. ఖాళీదే అనుకున్న ఆయుధమే ప్రమాదం చేస్తుందని ముప్పై ఏళ్ళు సర్వీసు చేసినవాడిగా చెబుతున్నాను.

చట్టం మాట

పిడి పలకే కదా అని ఇంట్లోనే కానిచ్చుకోవడం మంచిది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆయుధమంటే దాని భాగాలు కూడా అని అందులో నిర్వచనం ఉంది. తుపాకుల మరమ్మతుకు కూడా లైసెన్సు అవసరం. కాబట్టి విదేశం నుంచి మనవడి చేత సూట్‌కేసులో భాగాలు తెప్పించుకునే ఆలోచన పెట్టుకోవద్దు. లైసెన్సు గల డీలరు దగ్గరికి, లైసెన్సు పుస్తకంతో సహా వెళ్ళడమే రాజమార్గం.

మన వయసువారికి పనికివచ్చే మాట మరొకటి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం, లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, లేక ఆయుధం 25 ఏళ్ళు తన దగ్గర ఉన్నా, బతికి ఉండగానే చట్టబద్ధ వారసులలో ఒకరిని సూచించి వారి పేరున లైసెన్సు కోరవచ్చు. లైసెన్సుదారు కాలం చేస్తే ఇంట్లోవారు ఆయుధాన్ని బీరువాలో దాచి ఉంచకూడదు. పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు గల డీలరు వద్దగాని జమచేసి, తరువాత దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. దుఃఖంలో ఉన్నవారికి ఆ పూట చట్టం గుర్తుకు రాదు.

చివరికి ఏమైంది

మా మిత్రులు హైదరాబాదులో లైసెన్సు గల ఒక దుకాణానికి వెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడి వృద్ధ కారీగరు పొడుం డబ్బా తెరిచి ముక్కలను గుడ్డ మీద పరిచి, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ముక్కలు తెచ్చారు, సంతోషం. అందరూ ఖాళీ పిడి తెచ్చి, కొత్తది పెట్టమంటారు" అన్నారు. ముందుగా ముక్కలను అతికి, పోయిన పెచ్చును లప్పంతో నింపి, దానినే నమూనాగా పెట్టుకున్నారు. లోపలి పల్లం కొలతలు తీసుకుని ఇరుగుడు చేవతో కొత్త కుడి పలక చెక్కారు. మూడుసార్లు పెట్టి చూసి, మూడుసార్లు ఉప్పుకాగితం పట్టారు. నాలుగోసారి పలక తన చోట కూర్చుంది. స్లైడు లాగి వదిలితే ఎక్కడా తగలలేదు.

రంగు కలవలేదు. ఎడమది పాతబడిన ఎబొనైటు గోధుమ నలుపు, కుడిది ఇరుగుడు ఊదా నలుపు. మా మిత్రులు దానిని రెండువైపులా తిప్పి చూసి, "పోనీలెండి, ఇటు మా నాన్నగారు, ఇటు నేను" అన్నారు.

అతికించిన పాత పలకను ఆయన పారేయలేదు. గుడ్డలో చుట్టి, ఎవరు ఎప్పుడు చేశారో, ఏ కర్రో కాగితం మీద రాసి, పిస్తోలు పెట్టెలోనే పెట్టారు. ఆ కాగితం రాసింది కూడా ఆ రాజమండ్రి పెన్నుతోనే. వారి అమ్మాయి పేరున దరఖాస్తు ఇప్పుడు విచారణలో ఉంది. పిస్తోలుతోపాటు ఆమెకు ఆ పెట్టెలోని కొలత కూడా అందుతుంది.

ప్రతి ఇంట్లోనూ పిస్తోలు ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. కాని తయారీ ఆగిపోయిన గడియారమో, కుట్టుమిషనో, హార్మనీపెట్టో ఏ ఇంట్లోనైనా ఉంటుంది. దానిలో ఏదైనా విరిగితే ముక్కను మాత్రం పారేయకండి. తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడినా కొలత ఆ ముక్కలో మిగిలి ఉంటుంది. నేను గుమ్మరించిన డబ్బాకు ప్రాయశ్చిత్తంగా ఈ నాలుగు మాటలూ రాశాను. ఆ పెద్దాయన ఉంటే చదివి, "ఇప్పటికి తెలిసిందా అబ్బాయీ" అని ఉండేవారు.

సెలవు.